తడి తువ్వాలలో పొట్లం

కోరుట్ల నుంచి జగిత్యాల పోయే బస్సులో నా పక్కనామె ఒక పొట్లాన్ని తడి తువ్వాలలో చుట్టి ఒడిలో పెట్టుకుంది. కండక్టర్ దాన్ని ఇంజన్ మీద పెట్టమన్నాడు.

"పానమున్న పురుగులు గవి. గా ఉడుక్కు సస్తయి!" అని కసిరింది.

ఏం పురుగులని అడిగాను. మామిడికాయను కుళ్లబెట్టే ఈగపిల్ల కాయతో రాలి మట్టిలో దూరుతుందట. కంటికి ఆనని ఈ పురుగులు దాన్ని అక్కడే చంపుతాయట.

"నిరుడు గివే చెట్ల కింద పోసిన అక్కా. మస్కట్ల ఉన్న మా ఆయినకు ఫోన్ల చెప్పిన. పురుగులను ఎవలన్న కొనుక్కొస్తరా అని తిట్టి, తెల్లారే తమ్మునితోని గుళికల మందు సల్లిపిచ్చిండు. మంచి పురుగులన్ని సచ్చినయి, కాయంత కుళ్లింది. ఈ ఈగతోని తోటల నష్టమొచ్చి, ఓడిపోయే మస్కట్ పోయిండు. ఆడ కూసోని మళ్ల ఈగనే గెలిపిచ్చిండు!"

ఇంతలో ఫోన్ మోగింది. ఆయనే.

"తల్లిగారింటికి పోతున్న," అని చెప్పి కట్ చేసింది. తన సీసాలో మిగిలిన తాగే నీళ్లన్నీ తువ్వాల మీద పోసింది.

"ఈసారి కాయ తెంపినంకనే చెప్త."

ఇప్పటికీ మామిడిపండు కోసి, లోపల పురుగు లేకపోతే, కాయ తెంపేదాకా ఆమె ఆయనకు చెప్పలేదనుకుంటాను.