దర్వాజకని పెంచిన టేకు

ఖానాపూర్ దగ్గరి మా చెలకలో టేకు మొక్కలు పెట్టిన ఏడు, బిందెలతో నీళ్లు మోసింది నేను. మేకలు రాకుండా ముళ్లకంప పాతింది నేను. ఇరవై ఏళ్లు దాటాక, కార్బన్ కంపెనీ కాగితం మీద సంతకం మాత్రం మా ఆయన ఒక్కడే పెట్టి వచ్చాడు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

చెట్లను ఇప్పుడే కొట్టకుండా ఇంకో పదేళ్లు నిలబెడితే గాలిలోని పొగను అవి అంతకాలం దాచుకుంటాయట. దానికి కార్బన్ పైసలు వస్తాయట. కంపెనీ మనిషి అట్లా చెప్పాడు. మంచి మాటే. చెట్టు నిలబడితే నాకేం బాధ?

కానీ అందులో ఒక చెట్టు వేరు. మా పుట్టింట్లో ఒక అలవాటుంది. మొక్కప్పుడే నిటారుగా లేచేదాన్ని చూసి, ఇది దర్వాజకు అనుకుంటాం. ఏటా దసరాకు దాని మొదలుకు పసుపు రాసి బొట్టు పెడతాం. ఇల్లు కట్టేనాడు దాన్నే కొడతాం. మా అవ్వ అట్లాగే చేసింది, నేనూ చేశాను. పోయినేటి వానకు మా పెంకుటిల్లు కూలింది. కొత్త గోడలు లేపాం. చెట్టు కొట్టడానికి ఫారెస్టు పర్మిషన్ కూడా తెచ్చుకున్నాం. ఇంటి కోసం ఒక్క చెట్టు కొడితే కంపెనీ ఏమంటుందిలే అనుకున్నాను.

వడ్రంగం చేసే వడ్లాయన రంపంతో వచ్చిన పొద్దునే, మునుపు చెట్లన్నీ కొలిచి రాసుకుపోయిన కంపెనీ కొలతల మనిషి ఉరికొచ్చాడు.

"ఆగుండ్రి! గీ చెట్టు ముట్టద్దు అవ్వా. ఇది దేవుని చెట్టని రాసుకున్నం. పదేండ్లు గాదు, ఎన్నడూ కొట్టద్దు."

"దేవునిదని ఎవలు చెప్పిండ్రు బిడ్డా?"

"పసుపు, బొట్టు ఉన్నయి గదా. ఇంకొకలు చెప్పాల్నా?"

నాకు ఒళ్లు మండింది. "మా రోలుకు గూడ బొట్టు పెడ్తం. రేపటి సంది పచ్చడి నూరద్దంటవా?"

వడ్లాయన కిసుక్కున నవ్వాడు. మా ఆయన తల దించుకుని, "సంతకం పెట్టిన గదా, ఊకో జర" అన్నాడు.

"నువ్వు ఊకో. చదివి పెట్టినవా, చాయ్ తాగి పెట్టినవా?"

మళ్లీ కొలతల మనిషివైపు తిరిగాను. "పొయ్యిల పెడితే పొగ పోతది, ఒప్పుకుంట. దర్వాజ చేస్తే యాడికి పోతది? మా అవ్వ పోయింది గని ఆమె దర్వాజ ఇంకా నిలబడ్డది. గది దాచుడు గాదా? చెట్టు చెట్టుకు టేపు చుట్టినవు. నీళ్లు పోసినదాన్ని ఒక్క మాట అడిగినవా?"

అతను రంపానికి అడ్డం నిలబడ్డాడు. "పైనోళ్లను అడగాలె అవ్వా. అప్పటిదాంక కొట్టకుండ్రి."

వడ్లాయన రంపాన్ని గోనెసంచిలో చుట్టుకుని పోయాడు.

పైవాళ్ల జవాబు ఇంకా రాలేదు. దర్వాజ ఉండాల్సిన చోట తార్పాలిన్ కట్టుకుని ఉంటున్నాం. ఇనుపది తెస్తానని మా ఆయన అంటే, నా చెట్టు నిలబడి ఉండగా ఇనుపది గడప దాటనివ్వనన్నాను.

ఈ దసరాకు మాత్రం దానికి పసుపు రాయలేదు. మళ్లీ ఎవరు చూసి ఏం రాసుకుపోతారో!