అంచులు చూసి కొలిచిన స్పేసరు

1946 ఏప్రిల్లో బెజవాడ బందరు రోడ్డు మీద ఉన్న ఒక బస్సు సర్వీసు షెడ్డులో నన్ను రెండో ఫిట్టరుగా వేసుకున్నారు. మొదటి ఫిట్టరంటూ ఎవరూ లేరు. నా పైన హెడ్ మెకానిక్ యోహాను మేస్త్రీ, ఆయన పైన యజమాని, యజమాని పైన పెట్రోలు రేషను.

యుద్ధం ముగిసి, మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న లారీ ఇంజన్లు మాలాంటి షెడ్లకు చేరుతున్న రోజులవి. మా బందరు బస్సు ఇంజను నీళ్ళు లేక మాడిపోయింది. దాన్ని నడిపిన సుబ్బయ్య గారు పదిహేనేళ్ళ అనుభవమున్న డ్రైవరు. రేడియేటరు ఇంకోసారి ఎండితే తాళం చెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపోవాలని యజమాని అందరి ముందూ ఆయనకు చెప్పారు.

పాతది తీసి మిలిటరీ ఇంజను ఎక్కించాం. దాని నీళ్ళ పంపుకు పుల్లీ లేదు. పాత ఇంజను పుల్లీ బిగిస్తే, అది కింద ఇంజను తిప్పే క్రాంకు పుల్లీ కన్నా వెనక్కి ఉండిపోయింది. ఈ రెండింటినీ కలిపేది ఫ్యాను బెల్టు. పుల్లీల మీద బెల్టు కూర్చునే గాడులు ఒకే వరసలో లేకపోతే అది నిలవదు. అందుకని పంపుకీ పుల్లీకీ మధ్య స్పేసరు వేయాలి. స్పేసరంటే గుండ్రటి ఇనుప బిళ్ళ, అంతకన్నా గొప్పది కాదు. ఎంత మందమన్నదే ప్రశ్న. ఆ కొలత మేస్త్రీ నాకు అప్పగించారు.

మాది నేత ఇల్లు. ఇంటి నుంచి తెచ్చిన పడుగు పోగును క్రాంకు పుల్లీ ముందు అంచుకు ఆనించి పైకి లాగి, పంపు పుల్లీ అంచు ఎంత వెనక ఉందో చూశాను. ముప్పావు అంగుళం. లేతు మీద పనిచేసే టర్నరు ఆ మందానికే బిళ్ళ చేసిచ్చాడు. బిగించాక పోగు రెండు పుల్లీల అంచులకూ తిన్నగా అంటింది. మా నాన్న కూడా పడుగు ఇంత తిన్నగా లాగలేదన్నాను. మేస్త్రీ నవ్వలేదు.

"గాడి చూశావా?" అన్నారు.

చూశానండీ అన్నాను. చూడటం వరకూ నిజమే. కొలవలేదు.

మూడో రోజు కంకిపాడు దగ్గర బస్సు ఉడికి ఆగిపోయింది. లారీకి కట్టి లాక్కొచ్చారు. రేడియేటరులో చుక్క లేదు.

"పొద్దున నిండా పోసుకునే బయల్దేరానండీ. బెల్టు తెగాకే ఉడికింది," అన్నారు సుబ్బయ్య గారు.

"ఎండిన ఇంజను మీద బెల్టు తెగక ఏమవుద్దయ్యా," అన్నారు యజమాని.

నా నోరు ఊరుకోదు. "సుబ్బయ్య గారు ఇంజను చేత ఏకాదశి ఉపవాసం చేయించినట్టున్నారండీ," అన్నాను.

షెడ్డంతా నవ్వింది. యజమానీ నవ్వారు. సుబ్బయ్య గారు తాళం చెవి బల్ల మీద పెట్టి, తువ్వాలు దులుపుకుని వెళ్ళి గేటు పక్క అరుగు మీద కూర్చున్నారు. ఇంటికి వెళ్ళి ఏం చెప్పాలో తేలినట్టు లేదు.

ఈలోగా మేస్త్రీ బస్సు కింద దూరి, ఇరుసు దగ్గర చిక్కుకున్న బెల్టు ముక్క లాగి నా చేతిలో పెట్టారు.

"ఏం కనపడుతోంది?"

బెల్టు పక్కలు రెండూ ఒరుసుకుపోయి పోగులు లేచి ఉన్నాయి. పైభాగం, అడుగు కొత్తవిగానే ఉన్నాయి. వేడికి పోయిన బెల్టు గట్టిపడి బీటలు వారుతుంది. ఇది అలా లేదు. గుడ్డ అంచున పోగులు లేస్తే మగ్గంలో ఎక్కడో రాపిడి ఉందని మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు.

అప్పుడు పుల్లీలు కొలిచాను. క్రాంకు పుల్లీ అంచు, పంపు పుల్లీ అంచు కన్నా పావు అంగుళం మందం. అంటే అంచులు వరసలో ఉన్నప్పుడు గాడులు పావు అంగుళం తేడాగా ఉన్నాయన్నమాట. బెల్టు మూడు రోజులు వంకరగా నడిచి, తిరగబడి తెగింది. బెల్టు పోతే పంపు తిరగదు, ఫ్యానూ తిరగదు. నీళ్ళు ఆవిరైపోయాయి. సుబ్బయ్య గారు వెంటనే ఆపబట్టి ఇంజను మిగిలింది.

"నేను చెప్పనా, నువ్వు చెప్తావా?" అన్నారు మేస్త్రీ.

"నేనే చెప్తానండీ."

"వేళాకోళం లేకుండా చెప్పు."

అంత క్లుప్తంగా నేను అంతకు ముందు ఏదీ చెప్పలేదు. "కొలత తప్పు నాదండీ, ఆయనది కాదు," అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. యజమాని బెల్టును చాలాసేపు తిప్పి చూసి, తాళం చెవి తీసుకుని తనే అరుగు దాకా నడిచారు. ఏమన్నారో నాకు వినపడలేదు. సుబ్బయ్య గారు మాత్రం వెంటనే లేవలేదు.

స్పేసరును అర అంగుళానికి తగ్గించాం. ఈసారి గాడి మధ్య నుంచి గాడి మధ్యకు కొలిచాను. మేస్త్రీ మళ్ళీ కొలిచారు. కొత్త బెల్టు వేశాక, డ్రైవరు పక్కన కూర్చుని బందరు దాకా వెళ్ళమని నాకు ఉత్తర్వు అయింది.

ఉయ్యూరులో సుబ్బయ్య గారు బస్సు ఆపారు. "రాఘవులూ, దిగి నీళ్ళు చూడు. ఇవాళ ఏకాదశి కాదులే," అన్నారు.

గోనెగుడ్డ కప్పి మూత తిప్పాను. నిండా ఉన్నాయి. ఆ సంగతి బస్సులో వెనక కూర్చున్న వాళ్ళకు కూడా వినపడేలా చెప్పమన్నారు. చెప్పాను.

ఆ తర్వాత ముప్పై నాలుగేళ్ళు ఈ పనే చేశాను. పుల్లీల వరస అంచులతో చూడకూడదు, గాడి మధ్యతో చూడాలి. బండి ఉడికి ఆగితే ముందు బెల్టు చూడాలి. డ్రైవరు సంగతి ఆ తర్వాత.