మూత తియ్యని అగ్గిపుల్ల

ఆలస్యం అమృతం విషం అన్న సామెతను ఎవరు కనిపెట్టారో తెలియదు గాని, దాన్ని అక్షరాలా ఆచరించడానికే పుట్టిన మనిషి ఆ రాళ్లు సానబట్టే వీధిలో ఒకతె ఉండేది. వీధి వీధంతా ఆమెను అగ్గిపుల్ల అనేవారు. సన్నగా ఉండేది, గీస్తే మండేది, గీయకపోయినా మండేది. చిన్నప్పుడు చిక్కుడు గింజ నాటి, మొలిచిందో లేదో చూద్దామని పూటకోసారి తవ్వి తీసేది. మొలిచే ఉద్దేశం ఉన్న గింజ కూడా విసుగెత్తి మానుకునేది.

వాళ్ల ఇంటి ముందుగదిలో సానచక్రాలు. అవి తిరుగుతున్నంతసేపూ నీళ్లు చుక్కలుగా పడేవి; తడిసిన రాతిపొడి గోడలకూ కిటికీ ఊచలకూ మనుషుల కనుబొమలకూ సమానంగా అంటుకునేది. వెనకగది బట్టీది. పసుపచ్చ రాళ్లను కుండలో పెట్టి కాల్చి ఎరుపెక్కించేది అక్కడే. సానబట్టడం వీధిలో అందరికీ వచ్చు, కాల్చడం మాత్రం నాన్నకొక్కడికే వచ్చు. అందుకే ఆ గది తాళంచెవి ఆయన జేబు దాటి ఎరగదు. ఆయన తరువాత అది కొడుకుదేనని లోకం ఏనాడో తీర్మానించింది. అతను నెమ్మదస్తుడు మరి. నిద్ర లేవడానికి కూడా ముందూ వెనకా ఆలోచించే రకం.

అగ్గిపుల్లకు మాత్రం పసితనం నుంచీ ఆ తాళంచెవి మీదే కన్ను. ఒకనాడు ఎవరో కోయించడానికి తెచ్చిన ఉండరాయిని, లోపల ఏముందోనన్న ఆత్రం పట్టలేక సుత్తితో పగలగొట్టింది. పైకి బంగాళాదుంపలా ఉన్న ఆ రాయి కడుపులో పొగమంచు రంగు చారలు, చార లోపల చార. తిట్టడానికి వచ్చిన నాన్న తిట్టడం మరిచి పక్కనే చతికిలబడ్డాడు.

“ఇది క్యాల్సిడొనీ తల్లీ. ఎప్పుడో కొండ కరిగి పారి చల్లారింది. అప్పుడు లోపల గాలిబుడగలు ఖాళీగా మిగిలిపోయాయి. వాటిలోకి ఇసుక సారం కరిగిన నీళ్లు చెమ్మలా దిగి, పొర మీద పొర పేరుకుంది.”

“మరి ఆ ఎర్రరాయి, జాస్పర్?”

“అదీ ఈ తల్లి బిడ్డే. కాకపోతే మట్టీ ఇనుమూ ఒంటినిండా పూసుకుంది. అందుకే దానిలోంచి వెలుతురు దూరదు.”

“ఇదంతా అవడానికి ఎన్నాళ్లు పట్టింది నాన్నా?”

“నువ్వు దగ్గరుంటే అయ్యేదే కాదు. మధ్యలో మూత తీసి చూసేదానివి.”

రాళ్ల పుట్టుక నాన్న శాఖ అయితే, వాటి మహిమ మేనత్త శాఖ. వేడి లక్క అంటుకోదని పూర్వపు రాజులు ఈ రాళ్లతోనే ముద్రలు చెక్కించుకునేవారని నాన్న చెబితే, “ముద్ర సరేలే, ఆ రాజుకి పీడకలలు రాకుండా చూసిందెవరంటావ్?” అని ఆవిడ నిలదీసేది. ఆవిడ లెక్క ప్రకారం జాస్పర్ కారే నెత్తురు ఆపుతుంది, పాములను దూరం పెడుతుంది. తెల్ల క్యాల్సిడొనీ బాలింతకు పాలు పడేలా చేస్తుంది. కాల్చిన ఎర్రది కోపాన్ని చల్లారుస్తుంది. ఇన్ని బాధ్యతలు నెత్తినేసుకున్న ఆ రాళ్లు ఒక్కనాడూ సెలవడగలేదు. మేనకోడలి కోపానికి విరుగుడని అత్త ఆమె మెడలో ఒక ఎర్రరాయి కట్టింది. చూసి అన్న నవ్వాడు. అగ్గిపుల్ల దాన్ని తెంపి విసిరింది. అతని నుదుట లేచిన బొప్పికి అత్త ఆ రాయినే అద్ది, “చూశారా, వాపు ఎలా తగ్గుతోందో!” అంది. శాస్త్రానికి ఓటమి ఉండదు.

ఏళ్లు గడిచాయి. నాన్న చేతులు వణకసాగాయి. ఒక పొద్దున భోజనాల దగ్గర అగ్గిపుల్ల ఉన్నమాట అనేసింది.

“నాన్నా, ఈసారి కుండ నేను కాలుస్తా.”

అన్నకు పొలమారింది. “నువ్వా? పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడలేవు!”

“నువ్వు నిలబడతావులే. పొంగిపోయాక కూడా అలాగే నిలబడతావు.”

నాన్న కంచం పక్కకు జరిపాడు. “మంట పెట్టడం ఎవరికైనా వస్తుంది. ఆరిపోయాక ఊరుకోవడమే విద్య. లోపల రాయి వేడిగా ఉండగా మూత తీశావో, చల్లగాలి తగిలి పగిలిపోతుంది. రాళ్లు నిలిస్తే తాళంచెవి నీది. తొందరపడి పగలగొట్టావో, అది మీ అన్నది. మళ్లీ అడక్కు.”

అగ్గిపుల్ల రాళ్లు ఏరింది, ఎండబెట్టింది, కుండలో బూడిద మధ్య పేర్చింది, మూతపెట్టి అంచుకి మట్టి మెత్తింది. చుట్టూ రంపపు పొట్టు పోసి అంటించింది. పొట్టు నిదానంగా కాలి ఆరిపోయింది. అసలు దహనం అప్పుడు మొదలైంది, ఆమెలో. కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఊరికే ఉండలేక ముందుగది గోడలన్నీ కడిగేసింది. వాటి అసలు రంగు ఆకుపచ్చ అని ఇంటిల్లిపాదికీ ఆనాడే తెలిసింది.

చల్లకొచ్చి ముంత దాచినట్టు అన్న వచ్చాడు. “నా చెప్పులు ఇక్కడేమైనా ఉన్నాయా?”

“నీ కాళ్లకున్నాయి.”

“అవును సుమీ! సరే, ఎలాగూ వచ్చాను గనక… ఒక్క వేలు సందు తీసి, చూసి మూసేద్దామే.”

“వేలు సందంటే ఎంతో నాకు తెలుసన్నయ్యా. చెయ్యి దూరేదాకా అది వేలు సందే. నడు.”

తరువాత అత్త వచ్చి కుండకు చెవి ఆనించింది. “ఊపిరాడటం లేదంటున్నాయే, పాపం!”

“ఓర్చుకోమను అత్తా. నేను ఓర్చుకోవట్లా?”

చివరికి, నిదానమే ప్రధానమని జీవితమంతా ఉపదేశించిన ఆ మహానుభావుడే స్వయంగా వేంచేశాడు. ఇన్నేళ్లూ తన కుండ కోసం తాను ఆగడమే గాని, ఇంకొకరి కుండ కోసం ఆగవలసిన అవసరం ఆయనకు రాలేదు. కుండ తడిమి, గొంతు సవరించుకున్నాడు.

“చల్లారిపోయిందే.”

“కుండ చల్లారింది నాన్నా. రాయి చల్లారలేదు.”

“నాకు నేర్పుతున్నావా?”

“నువ్వు నేర్పిందే. చెయ్యి తియ్.”

ఆయన చెయ్యి తీశాడు. దొంగ గుట్టు దొంగకే తెలుస్తుంది. తొందర ఎన్ని వేషాలు వేస్తుందో, ఏ తియ్యని గొంతుతో తలుపు తడుతుందో ఆ ఇంట్లో అగ్గిపుల్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ వేషాలన్నీ ఆమె ఒకప్పుడు కట్టినవే. కుండకు వీపు ఆనించి కూర్చుంది. కుండ కింది బూడిదలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూస్తూ వచ్చింది. అది బావి గట్టులా చల్లగా తగిలాక కూడా లేవలేదు. లేచాక మూత దగ్గరికి పోలేదు. అందరూ గుడ్లప్పగించి చూస్తుండగా వెళ్లి అన్నం తిని, చేతులు కడుక్కుని, తుడుచుకుని మరీ వచ్చింది.

మట్టి గీకి మూత తీసింది. బూడిద ఊదింది. రాళ్లు ఎర్రగా లేచాయి. ఒకటి నారింజ తొనలా, ఒకటి పొయ్యిలో నిప్పులా, ఒకటి అచ్చం దానిమ్మ గింజ. ఒకదాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టింది; ఆమె వేళ్లు సైతం ఎర్రబడ్డాయి.

అన్న ఒక్కొక్క రాయినీ తిప్పి తిప్పి చూశాడు. పగులు దొరకలేదు. “నా చేతిలో అయితే సగం పగిలేవే చెల్లీ,” అన్నాడు, నిజాయితీగా. అత్త రాళ్లకు దిష్టి తీసినంత పని చేసింది.

నాన్న వణికే చేతిని జేబులో పెట్టాడు. తాళంచెవి ఎక్కడో ఇరుక్కుంది, వేళ్లకు చిక్కడం లేదు. అగ్గిపుల్ల కాసేపు చూసింది. ఇక ఆగలేక తానే ఆయన జేబులో చెయ్యిపెట్టి లాక్కుంది. ఆయన కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

“మళ్లీ కుండ ఎప్పుడు పెడతావమ్మా?”

“చెప్పను. చెబితే ముగ్గురూ వచ్చి కూర్చుంటారు. ఊఁ, బయటికి నడవండి, తాళం వేసుకోవాలి.”