తండాలో విడిచిన గోదాము పిల్లి

మరిపెడ అంగట్లో ఎండు రొయ్యల కుప్ప పక్కనుంచి నడుస్తుంటే నా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. చేతిలో డిగ్రీ పట్టా ఉంది. ముప్పై మూడేళ్లకు వచ్చింది, మా ఇంటావంటా లేని చదువు. బస్సులో పక్కన కూర్చున్నామెకు చెప్పాను, కండక్టరుకు చెప్పాను, రొయ్యలమ్మే అవ్వకూ చెప్పాను. "మంచిది బిడ్డా, పావుకిలో ఇయ్యాల్నా?" అంది. నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే రొయ్యల వాసన గొంతులోకి దిగి, ఈ కబురు అందరికన్నా ముందు వినవలసిన మనిషి గుర్తొచ్చింది. యాకూబీ ఖాలా పోయి నాలుగేళ్లయింది.

ఖాలా అంటే పిన్ని, అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. ఇక్కడి పశువుల దవాఖానలో అటెండరు. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో నేను అక్కడ ఊడ్చే పనికి తాత్కాలికంగా కుదిరాను. పదో తరగతితో చదువు ఆగిపోయింది. మా తండా ఎనిమిది కిలోమీటర్ల దూరమే గానీ, పొద్దున్నే పని కాబట్టి వెనక సందులో గది తీసుకుని ఒంటరిగా ఉండేదాన్ని. సాయంత్రమైతే ఏడుపొచ్చేది. అది చూసే కాబోలు, ఖాలా నన్ను తన పనిలో కలుపుకుంది. అది సర్కారు పని కాదు, ఆమె సొంతది. మిర్చి గోదాముల్లో తిరిగే పిల్లులను బోనులో పట్టేది. డాక్టరుగారిని బతిమాలి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేది. అయిపోయినదానికి గుర్తుగా ఎడమ చెవి కొస కాస్త కత్తిరించేవారు. తర్వాత పట్టిన చోటే మళ్లీ విడిచిపెట్టేది.

బోనులో వేయించిన ఎండు రొయ్యలు పెట్టి, పిల్లి పడగానే పైన తన పాత బురఖా కప్పేది. చీకటిగా ఉంటే అది బెదరదట. హమాలీలకు అదో తమాషా. "ఖాలా, నాకు నలుగురు పిల్లలైండ్రు, నన్ను గూడ ఓసారి బోన్ల ఎయ్యరాదు?" అన్నాడొకసారి వీరన్న అనే హమాలీ. "రొయ్యలకు నువ్వేడ పడ్తవ్‌రా? నీకు కల్లు ముంత పెట్టాలె," అంది ఖాలా తలెత్తకుండా. బస్తాల మీద కూర్చున్నవాళ్లంతా ఒకటే నవ్వు.

ఆ నవ్వుల వెనక ఒక షరతు ఉండేది. ఎలుకలు బస్తాలు కొరక్కుండా గోదాము సేటుకు పిల్లులు కావాలి, అవి ఈతకు నాలుగైదు కూనలను కనడం మాత్రం వద్దు. విషం పెట్టబోతుంటే ఖాలా అడ్డంపడి ఆపింది. "కొత్త పిల్లలు కనబడనన్ని రోజులు నీ మాట వింట. కనబడ్డనాడు మందు పెడ్త," అన్నాడాయన. ప్రతి పిల్లి ప్రాణమూ ఆ మాట మీదే ఉంది.

"ఈ మిర్చి ఘాటులనే ఎందుకు ఇడుసుడు ఖాలా? మంచి జాగ చూసి ఇడుద్దాం," అని ఒకరోజు అడిగాను.

"గది దాని ఇల్లు బేటీ. దాన్ని తీసేస్తె జాగ ఖాళీగ ఉంటదా? చెవి కొయ్యంది ఇంకోటొచ్చి కూసుంటది."

తలూపాను. అర్థమైందనే అనుకున్నాను.

ఉద్యోగుల సమ్మె మొదలైననాటికి ఒక బూడిదరంగు ఆడపిల్లి బోనులో ఉంది. దవాఖానకు తాళం పడింది. ఖాలా దీక్షా శిబిరానికి వెళ్లి డాక్టరుగారి ముందు నిలబడింది. "సమ్మెల ఉన్నం గదా యాకూబీ," అన్నాడాయన. "నేనూ సమ్మెల్నే ఉన్న సారూ, జై తెలంగాణ అంటనే ఉన్న. జర మీరే వచ్చి పిల్లికి చెప్పుండ్రి, రాష్ట్రం వచ్చేదాంక ఈనొద్దని." శిబిరమంతా గొల్లుమంది. ఆయన మెడలో కండువా తీసి సంచిలో పెట్టుకుని లేచాడు.

ఆపరేషనైన మూడో రోజు పిల్లిని విడవాలి. ఆ రోజు శిబిరంలో కూర్చునే వంతు ఖాలాది, అందుకని బోను నాకప్పగించింది. చౌరస్తాలో రాస్తారోకో. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. గోదాము వైపు దారి లేదు. కాసేపు ఆగితే దొరికేదే. సరిగ్గా అప్పుడే మా తమ్ముడు బండి మీద ఎదురయ్యాడు, మట్టిదారిన తండాకు పోతున్నాడు. నా కళ్లలో మా వాకిలి మెదిలింది. మేకలు, పాలు, వేపచెట్టు నీడ, యాడీ. అమ్మను మేమలా పిలుస్తాం. ఈ మూగజీవికి ఆ ఘాటులో ఏం సుఖమనుకుని బండెక్కాను.

వాకిట్లో బోను తలుపు తీశాను. యాడీ పోసిన పాల వైపు అది చూడనైనా లేదు. ఒక్క గెంతులో కంచె దాటి పత్తిచేలల్లో పడి పరుగెత్తింది. మళ్లీ ఎవరికీ కనబడలేదు.

"ఇడిసినవా?" అని అడిగింది ఖాలా సాయంత్రం.

"ఇడిసిన," అన్నాను. అబద్ధమేమీ కాదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

నాలుగు నెలలు తిరిగేసరికి ఆ గోదాము మూలకు ఎక్కడినుంచో ఒక మచ్చలపిల్లి చేరింది, రెండు చెవులూ నిండుగా. మాకు తెలిసేలోపే బస్తాల సందులో ఈనింది. సేటు అన్నంత పనీ చేశాడు. పొద్దున మేం వెళ్లేసరికి వీరన్న వాటిని గోనెపట్టా మీద వరుసగా పెట్టాడు. ఆ తల్లి, మూడు కూనలు, వాటి పక్కన మేం చెవి కోసి విడిచిన పాతవి రెండు. విషానికి చెవి గుర్తు తెలియదు. వీరన్న ఆ రోజు హాస్యమాడలేదు. "గా బూడిది పిల్లి ఉంటె దీన్ని లోపలికే రానియ్యకపోవు," అన్నాడు. ఖాలా నా వైపు చూసింది.

అక్కడే చెప్పేశాను, తండా సంగతంతా. ఆమె వంగి గోనెపట్టా అంచు సరిచేసింది.

"తండా యాదికొస్తె నువ్వు పోవాలె బేటీ. దాన్నెందుకు తోలుకపోయినవ్?"

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

దవాఖాన వెనక గుంట నేనే తవ్వాను. సేటు దగ్గరికీ నేనే వెళ్లాను, తప్పు ఖాలాది కాదు నాదని చెప్పడానికి. "ఇప్పుడు చెప్తె ఏం ఫాయిదా?" అన్నాడు. కదలకుండా నిలబడ్డాను. చాలాసేపటికి విసుగ్గా, "మిగిలినయి రెండే గదా, ఉండనీ," అన్నాడు. తిరిగొచ్చి ఆ మాట చెబితే ఖాలా రొయ్యలు వేయించడానికి మూకుడు కడిగింది. ఆ ఏడే పట్టుబట్టి నా చేత ఇంటర్ ఫారం నింపించింది. ఆ తర్వాత రాష్ట్రం వచ్చింది, ఆమె రిటైరైంది, నేను జనగామలో పనికి కుదిరాను. ఆమె పోయిన సంగతి నెల దాటాక తెలిసింది.

ఎవరికైనా మేలు చేయబోతే ఇప్పటికీ నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. పోయిన నెల మా ఆఫీసులో కొత్తగా చేరిన రేగొండ ఊరి అమ్మాయి ఫైళ్ల గదిలో ఏడుస్తూ కనబడింది. సెలవిప్పించి బస్సెక్కిద్దామని మాట నోటిదాకా వచ్చింది. మింగేసి, ఏం కావాలని అడిగాను. ఆమె చున్నీతో కళ్లు తుడుచుకుంది.

"ఇంటికి మాత్రం పంపకక్కా," అంది. "జర ఈడ్నే కూసో."