బాషా సార్ మానేసిన మాట

పక్కింట్లో ఎవరికో జ్వరం. నేలవేము కషాయం కాస్తున్నారు. ఆ చేదు వాసన కిటికీలోంచి రాగానే నా చేతిలో అన్నం ముద్ద అలాగే ఆగిపోయింది. బాషా సార్ పోయి చాలా రోజులైంది. కానీ ఆ వాసన తగిలితే చాలు, ఆయన మా అనంతపురం ల్యాబులోనే ఉన్నట్టు, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని నన్ను కసురుకుంటున్నట్టు ఉంటుంది.

ఆయన దగ్గరే నేను పరిశోధన చేశాను. హెచ్.ఐ.వి. మన ఒంట్లో పెరగడానికి ఒక ఎంజైమ్ కావాలి. కొండ మొక్కల రసం తీసి, అది ఆ ఎంజైమును గాజు గొట్టంలో ఆపుతుందేమో చూడటమే మా పని. గొట్టంలో ఆగినంత మాత్రాన మందయిపోదు. మనిషి దాకా రావాలంటే ఎన్నో ఏళ్లు పడుతుంది, చాలా మొక్కలు దారిలోనే వీగిపోతాయి. సార్ మహా మొండి మనిషి. మంచి ఫలితం వస్తే మళ్లీ చెయ్యమనేవారు. "యాలమ్మా అంత తొందర? బస్సేమన్నా పోతాందా?" అనేవారు.

ఆయనకొక పద్ధతి ఉండేది. మొక్క చూపించిన మనిషి ఇంటికి వెళ్లి ఫలితం చెప్పి రావాల్సిందే. "ఆకు వాళ్లు చూపిచ్చినారు. మనం పేరు తెచ్చుకొని గమ్మునుంటే ఎట్ల?" అనేవారు. అలాగే ఒకసారి శింగనమల దగ్గరి పల్లెకు వెళ్లాం. మాకు నేలవేము చూపించింది అక్కడ మేకలు కాసే నారాయణమ్మ. దాని రసం గొట్టంలో ఆ ఎంజైమును ఆపింది. సార్‌కు సంతోషం ఆగలేదు. మంచం మీద కూర్చోకముందే, "నారాయణమ్మా, నువ్వు చూపిచ్చిన ఆకు ఎయిడ్స్ మింద బాగా పనిచేసింది!" అన్నారు.

ఆమె నవ్వలేదు. "నిజమేనా సార్?" అని గుచ్చి గుచ్చి అడిగింది. నిజమేనన్నారు సార్. మాకు మజ్జిగ ఇచ్చి పంపింది.

వానలు పడ్డాక ఆకు కోసం మళ్లీ వెళ్తే ఆమె మంచంలో ఉంది. నేను గుర్తుపట్టలేకపోయాను. ఎన్నాళ్లుగానో ఆమెకు ఆ జబ్బు ఉందట. ఆసుపత్రి మాత్రలు మింగుతూ మేకల వెంట బాగానే తిరిగేది. మేం చెప్పి వచ్చిన మర్నాటి నుంచి మాత్రలు మానేసి కషాయం తాగుతోంది.

"మాత్రలు యాల మానేసినావమ్మా?" అన్నారు సార్.

"మీరే కదా సార్, పనిచేసింది అంటిరి. ఊర్లో తెలీకుండా ఆసుపత్రికి పోయేదానికి ఎన్నని అబద్ధాలు చెప్పల్ల? ఆకు ఈడనే ఉండాది."

సార్ ఆమెను తానే ఎత్తి జీపులో పడుకోబెట్టారు. ఆసుపత్రిలో ఆమె పక్కనుంచి కదల్లేదు. మాత్రలు మళ్లీ మొదలుపెట్టారు గానీ, అవి మానడంతో పట్టుకున్న క్షయ అప్పటికే ముదిరిపోయింది. నారాయణమ్మ దక్కలేదు.

వరండాలో అందరి ముందూ సార్ వెక్కి వెక్కి ఏడ్చారు. "మంచి మాటేనని చెప్పినానమ్మా," అన్నారు. నాకూ ఏడుపు ఆగలేదు. ఆ తర్వాత ఆయన పని మానలేదు, పల్లెలకు వెళ్లడమూ మానలేదు. 'పనిచేసింది' అన్న మాట మాత్రం ఆయన నోట మళ్లీ వినలేదు. 'గొట్టంలో ఆగింది' అనేవారు, అంతే.

ఇప్పుడు ఆ ల్యాబు నేను చూసుకుంటున్నాను. మొక్క చూపించిన వాళ్ల ఇళ్లకు నేనూ వెళ్తాను. గడప దగ్గరే, "ఇది మందు కాదండీ, ఎవరన్నా మాత్రలు మింగుతుంటే మానొద్దండి" అని చెప్తాను. మొన్న ఒక పెద్దాయన మండిపడ్డాడు: "ఏం మాటమ్మా అది? మా ఇంట్లో ఎవురికీ ఏ రోగమూ లేదు. పోమ్మా, పో!"

తిడితే తిట్టనీ. ఇంకోసారి చెప్పే వచ్చాను. రోగం ఉందని నారాయణమ్మ కూడా మాకు చెప్పలేదు.