గంటగోపురం తాళం

ధవళేశ్వరం దాటాక కాలవగట్టు మీదున్న మా చర్చి గంటగోపురంలో గబ్బిలాలుంటాయి. వాటి అరుపులు మన చెవికి అందవు. అందుకే, హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే నేను అక్కడొక రికార్డరు కట్టాను. చెవికందనంత కీచు శబ్దం తగిలితే చాలు, దానంతటదే రికార్డు చేసుకుంటుంది. తన దగ్గరుండే గోపురం తాళాలగుత్తి గలగలలోనూ ఆ శబ్దం ఉంటుందని మా సంఘపెద్దగారికి తెలియదు.

క్రిస్మస్ సున్నాలకు ముందు, ఒక ఆదివారం పొద్దున్నే రికార్డింగులు వింటున్నాను. ముందురోజు దాంట్లో తాళాలు గలగలమన్నాయి. వెనకే సున్నాలవాళ్ళతో మాట్లాడుతున్న సంఘపెద్దగారి గొంతు వినపడింది.

"సోమవారం టీచరుగారు స్కూలుకెళ్ళాక కన్నాలన్నిటికీ రేకులు కొట్టెయ్యండి. ఆవిడతో చెప్పకండి."

పగలు కన్నాలు మూస్తే లోపలున్నవన్నీ లోపలే చస్తాయి. ఆరాధన అయ్యాక కమిటీ అందరి ముందూ ఆ మాటలు స్పీకర్లో పెట్టాను.

"మా మాటలు రికార్డు చెయ్యడం ఏంటండీ?" అన్నారాయన.

"మీ గుత్తే చేయించిందండి. రేకులు కొడితే మాత్రం నేనూరుకోను. నన్ను సంఘంలోంచి తీసేసినా సరే."

ఆయన జేబులో గుత్తిని చప్పుడు కాకుండా గట్టిగా పట్టుకున్నారు. నేను చెయ్యి చాపి నిలబడ్డాను.

గోపురం తాళం ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది.