ముందు పైసలు, తర్వాత దస్కతు

రాష్ట్రం పేరు మైసూరు పోయి కర్ణాటక అయిన కొత్తల్లో నాకు హుమ్నాబాద్ సర్కారు బడిలో ఉద్యోగం వచ్చింది. భాల్కిలో చేస్తున్న ప్రైవేటు బడికి రాజీనామా రాసిచ్చాను. సర్కారు మొదటి జీతం చేతికి రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుందట. అంతవరకు గది అద్దెకూ తిండికీ భాల్కి బడి ఇవ్వాల్సిన ఆఖరి జీతమే దిక్కు.

ఆ బడి పద్ధతి విడ్డూరం. ముందుగా రిజిస్టరులో స్టాంపు మీద జీతం మొత్తం ముట్టినట్టు సంతకం పెట్టాలి. హెడ్మాస్టరుగారు దాన్ని కమిటీ సెక్రెటరీ బట్టల దుకాణానికి పట్టుకెళ్తే, ఆయన తనకు తోచిన రోజున, బిల్డింగు చందా కోసుకుని మిగిలింది ఇచ్చేవాడు. ఆరేళ్లు నోరు మూసుకుని సంతకం పెట్టాను. ఈసారి మా అక్క ఊరుకోలేదు.

"ఊరు దాటినంక నీకు ఎవడిస్తడే? పైసలు చేతుల పడ్డంకనే దస్కతు పెట్టు."

ఆఖరి రోజు హెడ్మాస్టరుగారు రిజిస్టరు నా ముందుకు జరిపారు. నాకు పాఠం చెప్పడం నేర్పింది ఆయనే. నేను ఎవరితోనైనా పోట్లాడి మూతి ముడుచుకుంటే, తన డబ్బాలోని జొన్నరొట్టె సగం తుంచి పెట్టేవారు.

"ముందు పైసలు సార్," అన్నాను.

"నా మీద నమ్మకం లేదా పంతులమ్మా?"

"మీ మీద ఉన్నది. ఆ దుకాణం మీద లేదు."

ఆయన పకపకా నవ్వారు. "అబ్బో, ఇన్నేండ్లకు తెలివొచ్చింది!" అని రిజిస్టరు చంకన పెట్టుకుని బయల్దేరారు. గంటన్నరకు చెమటలు కక్కుతూ వచ్చి నోట్లు నా చేతిలో పెట్టారు. సిగ్గు లేకుండా ఆయన ఎదురుగానే రెండుసార్లు లెక్కపెట్టాను. చందా కోత కూడా లేదు! గెలిచానన్న హుషారులో సంతకం గీకేశాను. అప్పుడు పై వరుసలో ఆయన సంతకం కనిపించింది.

"మీ జీతం గూడ ఇచ్చిండా సార్?"

"నాది ఒక్కటే ఇచ్చిండమ్మా. నీ దస్కతు లేంది నీది ఇయ్యనన్నడు. నీ చేతుల ఉన్నవి నా పైసలే. ఇగ ఇది చూపిచ్చి నీది నేను తెచ్చుకుంట."

"ఇయ్యకపోతే?"

"ఇయ్యాల కాకుంటే వచ్చే నెల ఇస్తడు. నేనేడికి పోతున్న?"

ఆయనకు ఇంట్లో నలుగురు పిల్లలు. నా జీతంలో చందా కోత కూడా ఇక ఆయన నెత్తినే పడుతుంది. నాకు ఏడుపు ఆగలేదు. అయినా ఆ డబ్బు తిరిగి ఇవ్వలేదు.